పిల్లిని పస్తు పెట్టొద్దు, తూకం వేయండి

సంపాదకుడు గారికి,

పిల్లికి బిచ్చం పెట్టని మనిషి అంటే మన వైపు తిట్టు కింద లెక్క. నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ఇప్పుడు పెంపుడు పిల్లులకు వచ్చిన కష్టం దానికి సరిగ్గా అడ్డం తిరిగింది. పెట్టే చేతులు ఎక్కువయ్యాయి. పొద్దున్నే అమ్మమ్మ గిన్నెలో పాలు పోస్తుంది. బడికి పోతూ పిల్లాడు ప్యాకెట్లో వచ్చే పిల్లుల డ్రై ఫుడ్ గుళికలు గుప్పెడు వేస్తాడు. మధ్యాహ్నం చేపల పులుసులోంచి ఒక తలకాయ, సాయంత్రం మళ్లీ గుప్పెడు, రాత్రి మిగిలిన పెరుగన్నం. ఎవరికి వారు పెట్టింది కొంచెమే. అన్నీ కలిపితే ఆ చిన్న జీవికి రెండు రోజుల తిండి. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏం దిట్టంగా ఉండాదబ్బా!" అని మెచ్చుకుంటారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఈ వ్యవహారంలో కళ్లు మూసుకున్నది పాలు పోసేవాళ్లే.

ఈ ఉత్తరం లావెక్కిన పిల్లుల గురించి. అంతకంటే ముఖ్యంగా, వాటిని సన్నబరచబోయి చేసే ఒక పొరపాటు గురించి. లావు మంచిది కాదని తెలియగానే చాలామంది చేసే మొదటి పని తిండి ఆపేయడం. ఒళ్లు పిల్లి ఆయుష్షును ఏళ్ల మీద కొరుక్కు తింటే, పస్తు వారం తిరక్కముందే తినేయగలదు. కారణం కింద చెబుతాను.

ముందు, పిల్లి నిజంగా లావేనా అన్నది తేల్చుకోవాలి. బ్రెజిల్ దాకా వెళ్లి 'నెలోర్' అనే పేరుతో మందలు మందలుగా పెరిగిన ఒంగోలు జాతికి పుట్టిల్లు మనది. గిత్త మూపురం, గంగడోలు, పక్కటెముకలు ఒక్క చూపులో చదివేసే రైతులున్న చోట, ఒళ్లో పడుకునే పిల్లి ఒంటిని చదవలేకపోవడం విడ్డూరమే. పాడి పశువుకు 1 నుంచి 5 దాకా మార్కులు వేసినట్టే, పిల్లికి 1 నుంచి 9 దాకా వేస్తారు. 5 సరైన ఒళ్లు. ఆ పైన ఒక్కో మార్కుకు దాదాపు 10 శాతం అదనపు బరువు ఉన్నట్టు.

చూసే పద్ధతి ఇది. పిల్లి నిలబడి ఉండగా రెండు పక్కలా వేళ్ల కొసలు ఆనించి, నొక్కకుండా మెల్లగా వెనక్కి జరపండి. మీ అరచేతిని బోర్లా పరచి, వేళ్ల మొదళ్ల మీద తడిమితే ఎముకలు ఎట్టా తగులుతాయో, పక్కటెముకలు అట్టా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. అరచేయి లోపలి వైపు తడిమినట్టు మెత్తగా ఉండి, ఎముక కోసం వెతుక్కోవాల్సి వస్తే లావు. తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకల వెనక నడుము కొద్దిగా లోపలికి పోవాలి. అక్కడ తిన్నగానో, బానలా బయటికో ఉంటే 7 దాటినట్టే. పర్షియన్ పిల్లుల్లో బొచ్చు అన్నిటినీ కప్పేస్తుంది కనుక కంటిని నమ్మకుండా వేళ్లనే నమ్మాలి.

పొట్ట కింద వెనక కాళ్ల దగ్గర వేలాడే సంచిలాంటి చర్మం చూసి కంగారు పడేవాళ్లు ఉంటారు. నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగే ఆ పలచటి మడత సన్నని పిల్లుల్లోనూ ఉంటుంది, అది జబ్బు కాదు. చేతికి నిండుగా కొవ్వు తగిలితేనే లావు లెక్క. అట్లాగే వీపు ఎముకలు తేలి పొట్ట మాత్రం ఉబ్బితే అది లావు కానే కాదు. పొట్టలో నీరు చేరడమో, పిల్లకూనల్లో నులిపురుగులో కావచ్చు. దానికి డాక్టరు దగ్గరికే పోవాలి.

లావు వల్ల వచ్చేవి క్లుప్తంగా: షుగర్ జబ్బు, కీళ్ల నొప్పులు, వీపు చివర నాకలేక చుండ్రు, అట్టలు కట్టిన బొచ్చు. మగ పిల్లుల్లో మూత్రం బిగుసుకుపోయే ముప్పు కూడా పెరుగుతుంది. ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. రక్తంలో పొటాషియం పెరిగి రెండు మూడు రోజుల్లో గుండె ఆగిపోతుంది. ఇక మన ఎండలు. రోహిణీ కార్తెలో మనుషులకే ఊపిరాడదు, కొవ్వు దుప్పటి కప్పుకున్న పిల్లి సంగతి చెప్పేదేముంది! పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే అది అలసట కాదు, ప్రమాదం.

ఇప్పుడు పస్తు సంగతి. మనిషిగానీ కుక్కగానీ రెండు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి శక్తిగా మారుతుంది. పిల్లిలోనూ కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది గానీ, వచ్చినంత వేగంగా దాన్ని ఖర్చు పెట్టే, బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు అక్కడే కణాల్లో పేరుకుపోతుంది. కాలేయం మొద్దుబారగానే వికారం పుడుతుంది, వికారంతో పిల్లి ఇంకా తినదు, తినకపోతే ఇంకా కొవ్వు వచ్చి పడుతుంది. ఈ చక్రాన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. ఎంత లావైన పిల్లికి అంత ముప్పు. చొల్లు కారడం, వాంతులు, చెవుల లోపల, చిగుళ్ల మీద పసుపు రంగు తేలడం గుర్తులు. అక్కడిదాకా వస్తే గొట్టం వేసి వారాల తరబడి తిండి పట్టాల్సిందే.

పస్తు పెట్టాలని ఎవరూ అనుకోకపోయినా ఇది జరిగే దారి ఒకటుంది. బరువు తగ్గించే కొత్త తిండి కొనుక్కొచ్చి, పాతది ఒక్కసారిగా మానిపించి, "ఆకలేస్తే అదే తింటుందిలే" అనుకోవడం. పిల్లి తినదు. తన తిండి కానిదాన్ని పక్కన పెట్టుకుని మాడి చచ్చేంత మొండిది పిల్లి. అందుకే మార్పుకు కనీసం 7 నుంచి 10 రోజులు. మొదటి రెండు మూడు రోజులు ముప్పావు పాతది, పావు కొత్తది. తర్వాత సగం సగం. ఆ తర్వాత పావు పాతది, ముప్పావు కొత్తది. ముట్టకపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. పౌచ్‌లో వచ్చే తడి తిండి అయితే గోరువెచ్చగా చేస్తే వాసన లేచి తింటుంది. ఏ కారణంగానైనా లావు పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే పథ్యం పక్కన పెట్టి, అది తినేది ఏదైనా పెట్టి డాక్టరుకు చూపించాలి. 48 గంటలు దాటడం అత్యవసరమే.

మరి ఎంత పెట్టాలి? దీనికి చేతి అంచనా పనికిరాదు, లెక్క కావాలి. ఉదాహరణకు 5.2 కిలోల పిల్లి, 9లో 8 మార్కు అనుకుందాం. మూడు మార్కులు ఎక్కువ, అంటే 30 శాతం అదనం. 5.2ను 1.3తో భాగిస్తే 4 కిలోలు. అది చేరాల్సిన బరువు. మామూలు కాలిక్యులేటర్‌లో 4ను మూడుసార్లు వేసి (4×4×4) హెచ్చించండి, 64 వస్తుంది. వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి, 2.83 వస్తుంది. దాన్ని 70తో హెచ్చిస్తే 198. కదలకుండా పడుకున్న 4 కిలోల పిల్లికి రోజుకు కావలసిన కేలరీలు అవి. బరువు తగ్గడానికి అందులో 80 శాతం, అంటే 158. ఇదే లెక్కన చేరాల్సిన బరువు 3.5 కిలోలైతే 143, 4.5 అయితే 173, 5 అయితే 187. లెక్క ఎప్పుడూ చేరాల్సిన బరువు మీదే కట్టాలి. ఇప్పుడున్న బరువు మీద కడితే కొవ్వుకు కూడా తిండి పెట్టినట్టవుతుంది. ఇప్పుడు తింటున్నది ఈ అంకెకు రెట్టింపు పైన ఉంటే ఒక్క రోజులో దిగకండి, మూడు వారాల్లో మెట్లు మెట్లుగా తగ్గించండి.

158 కేలరీలంటే ఎన్ని గ్రాములు? కొన్ని ప్యాకెట్ల మీద కేలరీలు అచ్చు వేయరు, శాతాలే ఉంటాయి. వాటితోనే కట్టుకోవచ్చు. ప్రొటీన్ 30, కొవ్వు 10, తేమ 10, పీచు 5 అని ఉందనుకోండి. బూడిద (అంటే ఖనిజాలు) శాతం వేయకపోతే 8 అనుకోండి. ఇవన్నీ కలిపి 100లోంచి తీసేస్తే మిగిలిన 37 పిండి పదార్థం. ప్రొటీన్‌నూ పిండినీ 3.5తో, కొవ్వును 8.5తో హెచ్చించి కలపండి. 105, 130, 85 కలిపి 100 గ్రాములకు 320 కేలరీలు. రోజు కోటాలో పదో వంతు, అంటే 16 కేలరీలు, ముద్దుకు పెట్టే చిరుతిండికి వదలండి. ఉడికించిన కోడి రొమ్ము మాంసం 10 గ్రాములకు అది సరిపోతుంది. మిగిలిన 142కు డ్రై ఫుడ్ 44 గ్రాములు.

ఇక్కడే ఇంకో చిక్కు బయటపడుతుంది. బరువు తగ్గేటప్పుడు కొవ్వు పోవాలి గానీ కండ పోకూడదు. అందుకు చేరాల్సిన బరువులో కిలోకు 5 గ్రాముల చొప్పున, 4 కిలోలకు 20 గ్రాముల ప్రొటీన్ రోజూ అందాలి. 30 శాతం ప్రొటీన్ ఉన్న 44 గ్రాముల్లో వచ్చేది 13 గ్రాములే. కోడి మాంసం ఇచ్చే 3 కలిపినా 16. అంటే మామూలు తిండినే సగానికి కోస్తే పిల్లి సన్నబడుతుంది కానీ కండ కరిగి, విటమిన్లు చాలక నీరసిస్తుంది. బరువు తగ్గించడానికే తయారుచేసిన, 40 శాతం పైన ప్రొటీన్ ఉన్న తిండి వాడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. పిల్లకూనల ప్యాకెట్టులోనూ ప్రొటీన్ ఎక్కువే, కానీ కొవ్వూ ఎక్కువ. అది పెద్ద పిల్లికి వద్దు. తడి తిండి పౌచ్‌లో దాదాపు 80 శాతం నీళ్లే కాబట్టి అదే కేలరీలకు పొట్ట నిండుతుంది, మూత్రానికీ మంచిది. సగం డ్రై, సగం తడి కలిపినా సరే, లెక్క తప్పకుండా ఉంటే చాలు. మన ఎండలో తెరిచిన పౌచ్ గిన్నెలో గంట కంటే ఎక్కువ ఉంచొద్దు, మిగిలింది ఫ్రిజ్‌లోకి పోవాలి.

గిద్ద గ్లాసు, చారెడు, గుప్పెడు కొలతలు మరిచిపోండి. ఒకరి గుప్పెడు 25 గ్రాములైతే ఇంకొకరిది 40. గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు కొనండి. పొద్దున్నే ఆ రోజు మొత్తం తూచి ఒక డబ్బాలో పోయండి. అమ్మమ్మ అయినా పిల్లాడైనా పెడితే ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. ఉమ్మడి కుటుంబాల్లో ఇంతకంటే బాగా పనిచేసే కిటుకు లేదు. పైగా ఎవరి చేతికీ అడ్డు చెప్పనక్కర్లేదు! రోజుకు నాలుగు సార్లుగా విడగొట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి అరిచి లేపే పిల్లికి ఒక వాటా పడుకోబోయే ముందు పెట్టండి. అరిచినప్పుడు లేచి పెడితే అరవడమే నేర్పినట్టు. వేసవిలో పగలు ఆకలి మందగిస్తుంది కనుక ఎండ ఎక్కకముందు ఒకసారి, పొద్దు వాలాక మిగిలినవి. గిన్నెకు చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. చీమలు పట్టిన తిండిని పిల్లి వదిలేస్తే, తిన్నదో లేదో తెలియక లెక్కంతా చెడుతుంది.

ఇంట్లో రెండు పిల్లులుంటే, సన్నదాని గిన్నె లావుది ఎగరలేని ఎత్తులో పెట్టడమో, వేరే గదిలో తలుపేసి తినిపించడమో చేయాలి. అరగంట తర్వాత గిన్నెలు తీసేయాలి. బయట తిరిగే పిల్లి అయితే పక్కిళ్లలో చెప్పి రావాలి. "పథ్యంలో ఉంది, ఏమీ పెట్టకండి" అని రాసిన పట్టీ మెడకు కడితే నవ్వుకుంటారు గానీ పెట్టడం మానతారు.

మనింటి తిండ్లలో పాలది మొదటి తప్పు. 100 మిల్లీలీటర్ల గేదె పాలలో దాదాపు 100 కేలరీలు, అంటే పథ్యంలో ఉన్న పిల్లి కోటాలో సగానికి పైన. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు కూడా. 100 గ్రాముల అన్నంలో 130. పిల్లి మాంసాహారి, దానికి అన్నంతో పని లేదు. చేప మంచిదే, అయితే మూడు జాగ్రత్తలు. పులుసులో ముక్క కడిగి పెట్టినా దిగిన ఉల్లి, వెల్లుల్లి పోవు. అవి పిల్లి నెత్తుటి కణాలను పగలగొడతాయి. ఉప్పు, కారం, చింతపండు లేకుండా పిల్లి కోసం విడిగా ఉడికించి ముల్లు తీసి పెట్టాలి. పచ్చిగా పెట్టొద్దు. కవళ్లలాంటి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఇక కవళ్లు, కానగంతలు లాంటి నూనె చేపలే రోజూ పెడితే విటమిన్ ఇ చాలక ఒంట్లో కొవ్వు వాచి నొప్పి పుడుతుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో చవగ్గా దొరికాయని నెలంతా అవే పెట్టడం మంచిది కాదు. ఎండు చేపల్లో ఉప్పెక్కువ. కోడి కాలేయం వారానికి ఒకసారి చిన్న ముక్క చాలు, రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై వెన్నుపూసలు అతుక్కుపోతాయి. ఉట్టి కోడి మాంసమే పూర్తి తిండి అనుకోకూడదు, అందులో కాల్షియం దాదాపు ఉండదు.

లావు తగ్గుతామని మనుషులు తాగే ఉలవ కషాయం, సన్నబడే మాత్రలు, థైరాయిడ్ మాత్రలు పిల్లికి పట్టేవాళ్లూ ఉన్నారు. వద్దు. మనుషుల్లో మాదిరి థైరాయిడ్ మందగించడం పిల్లుల్లో అరుదు. ముసలి పిల్లుల్లో అది ఎక్కువై బక్కచిక్కడమే మామూలు. దురదకు వేసే ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఆకలిని పెంచుతాయి, షుగర్ తెప్పిస్తాయి. అవి నడుస్తుంటే డాక్టరుకు లావు సంగతి గుర్తు చేయండి. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి ఇంట్లో సొంతంగా తిండి తగ్గించకూడదు. మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి మూర్ఛ వస్తుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లావవుతాయని జంకుతారు కొందరు. ఆపరేషన్ తర్వాత ఒంటి ఖర్చు దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. కుట్లు మానిన రోజు నుంచే తిండి పావు వంతు తగ్గిస్తే లావవదు. ఈ ఒక్క మాట ఆపరేషన్ చేసిన రోజున చెప్పి పంపితే సగం లావు పిల్లులు తయారే కావు.

కదలిక తిండి తర్వాతే. అయినా వదలొద్దు. డ్రై ఫుడ్‌ను గిన్నెలో పోయకుండా కోడిగుడ్ల అట్ట గుంటల్లో సర్దండి, మెట్ల మీద ఒక్కొక్కటే విసరండి. కర్రకు దారంతో కట్టిన గుడ్డపేలిక ఆడిస్తూ ఐదేసి నిమిషాలు రోజుకు మూడుసార్లు. ఆట అయ్యాక దారం బీరువాలో దాచాలి. మింగితే పేగులు కోసుకుపోతాయి.

చివరగా తూకం, ఈ పని మొత్తానికి ఆయువుపట్టు. వారానికి బరువులో 1 శాతం తగ్గడం మంచి వేగం, 2 శాతం దాటకూడదు. 5.2 కిలోల పిల్లికి మొదటి వారం 50 గ్రాములన్నమాట. మనుషులెక్కే త్రాసు చాలావరకు 100 గ్రాముల మెట్లలోనే చూపిస్తుంది, అది దీనికి చాలదు. ప్రయాణపు పెట్టెలు తూచే కొక్కెం త్రాసు 10 గ్రాముల తేడా చూపిస్తుంది. ఖాళీ బుట్ట ముందు తూచి, పిల్లితో మళ్లీ తూచి తీసేయండి. ప్రతి ఆదివారం, తిండికి ముందు, అదే త్రాసు, క్యాలెండర్ మీద అంకె. మూడు వారాలు కదలకపోతే దొంగతిండి ఎక్కడో వెతకండి. లేకపోతే కోటాలో 5 నుంచి 10 శాతం తగ్గించండి. మరీ వేగంగా పడుతుంటే అంతే పెంచండి. 5.2 నుంచి 4 కిలోలకు దాదాపు ఆరు నెలలు పడుతుంది. చేరాక ఒక్కసారిగా పాత తిండికి పోకుండా రెండు వారాలకోసారి 10 శాతం పెంచుతూ, బరువు నిలిచిన చోట ఆపాలి. నెలకోసారి తూకం జీవితాంతం.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. రెండు జిల్లాల పశువైద్యశాలల్లో 10 గ్రాముల తేడా చూపే చిన్న త్రాసు ఒకటి పెట్టించి, ఎవరొచ్చినా పిల్లిని తూచుకుని పోయేలా చూడాలి. పిల్లి తిండి అమ్మేవాళ్లు ప్రతి ప్యాకెట్ మీద 100 గ్రాములకు ఎన్ని కేలరీలో అచ్చు వేయాలి. ఆ ఒక్క అంకె ఉంటే, పైన రాసిన హెచ్చింపుల అవస్థ చదువరులకు తప్పేది.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
కావలి